అమెరికాలో తుపాకీ చట్టాలను చదవడం ఎలా: వీసా నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా

అమెరికాలో ఎక్కడైనా కాల్పులు జరిగిన మర్నాడు అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఆత్మరక్షణకు మనమూ ఒక పిస్టల్ కొనుక్కుంటే మంచిదని ఒకరంటే, ఆ దేశంలో తుపాకీకి చట్టమంటూ ఏదీ లేదని మరొకరంటారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరును కాల్చి చంపినప్పుడూ, 2023 మే 6న డాలస్ పక్కనున్న ఆలెన్ షాపింగ్ మాల్‌లో బలైన ఎనిమిది మందిలో తెలంగాణకు చెందిన యువ ఇంజనీరు కూడా ఉన్నారని తెలిసినప్పుడూ ఈ మాటలే మళ్ళీ వచ్చాయి. మొదటి సలహాను ఆలోచించకుండా పాటిస్తే వీసా మీద ఉన్నవారు ఏకంగా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ చట్టం కింది) నేరంలో చిక్కుకుంటారు. రెండో మాట వాస్తవానికి చాలా దూరం. ఫెడరల్ ప్రభుత్వం ఒకటి, రాష్ట్రం మరొకటి, స్థలం యజమాని ఇంకొకటి చెప్పే దేశంలో ఈ మూడింటినీ కలిపి చదవడం రాకపోవడమే అసలు చిక్కు.

టీవీ చర్చలు ఆయుధం ధరించే హక్కును చెప్పే రాజ్యాంగ రెండో సవరణతో మొదలై అక్కడే ముగుస్తాయి. ఒక కుటుంబానికి పనికొచ్చే వరస దానికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది: ముందు మనిషి ఎవరో, తర్వాత ఏ రాష్ట్రమో, ఆ తర్వాత ఏ స్థలమో చూసుకొని, చివరికి గానీ ఎవరి వాదన సబబో తేల్చుకోకూడదు. ఈ వ్యాసం ఆ వరసలోనే సాగుతుంది.

ముందుగా మీ వీసా

హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబం), ఎఫ్-1 (చదువు), బీ-2 (సందర్శన) వంటి తాత్కాలిక వీసాల మీద ప్రవేశించినవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం 1998 నుంచి నిషేధిస్తోంది. ఓపీటీలో, అంటే చదువుకు అనుబంధంగా పనిచేసే అనుమతి మీద ఉన్న విద్యార్థి ఉద్యోగం చేస్తున్నా ఎఫ్-1 కిందే ఉంటాడు కాబట్టి అతనికీ ఇది వర్తిస్తుంది. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. 2022కు ముందు ఈ పరిమితి 10 ఏళ్లు ఉండేది. టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదట కదా అని ధీమాగా ఉండేవారు గమనించవలసింది ఏమిటంటే, రాష్ట్రం పర్మిట్ తీసేసినంత మాత్రాన ఫెడరల్ నిషేధం తొలగిపోదు.

ఇక్కడ 'కలిగి ఉండటం' అంటే సొంతంగా కొనుక్కోవడమే కాదు. వారాంతంలో స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి, అద్దె తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్చి, ఆ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే విద్యార్థులు ఈ సంగతి తెలుసుకోవాలి. 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు సరిగ్గా ఇటువంటిదే. విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఒక యువకుడిని చదువు సాగక విశ్వవిద్యాలయం తొలగించింది, దాంతో అతని ఇమ్మిగ్రేషన్ హోదా పోయింది, ఆ తర్వాత అతను ఒక షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి తుపాకీ కాల్చినందుకు శిక్ష పడింది. తనకు హోదా లేదన్న సంగతి నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని ఏడుగురు న్యాయమూర్తులు, అక్కర్లేదని ఇద్దరు అన్నారు. అతనికి అనుకూలంగా వచ్చిన తీర్పే అయినా, అక్కడిదాకా చేరడానికి ముందు అరెస్టు, విచారణ, శిక్ష అన్నీ జరిగిపోయాయి. 'నాకు చట్టం తెలియదు' అన్న సాకును ఆ తీర్పు ఒప్పుకోలేదు, హోదా తెలియకపోవడాన్ని మాత్రమే పరిగణనలోకి తీసుకుంది.

ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనవాళ్ల నోట తరచుగా వినిపించేది వేట లైసెన్సు. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్న తాత్కాలిక వీసాదారుకు నిషేధం వర్తించదు. ఈ లైసెన్సు పొందడం పెద్ద కష్టం కాకపోవడం వల్ల కొందరు విద్యార్థులు దీన్ని అడ్డదారిగా వాడుకుంటున్నారు. చట్టం కళ్ళకు అది అడ్డదారి కాకపోవచ్చు గానీ, తుపాకీ వాడకంలో ఏ శిక్షణా లేని కుర్రవాడి చేతికి రైఫిల్ రావడానికి అది దారి చేస్తుంది. 2024 నవంబరులో జార్జియాలో హైదరాబాద్‌కు చెందిన ఒక విద్యార్థి తన వేట తుపాకీని శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయినట్టు వార్తలు వచ్చాయి. లైసెన్సు సంగతే ఇక్కడి తల్లిదండ్రులకు తెలియదన్న విషయం ఆ వార్తల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. లైసెన్సు గడువు ముగిసిన రోజున మినహాయింపు కూడా ముగుస్తుంది, తుపాకీ మాత్రం అలమరలోనే ఉంటుంది. ఈ తేదీని ఎవరూ క్యాలెండర్‌లో రాసుకోరు.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. అయితే గృహహింస నేరంలో శిక్ష పడినవారు, గృహహింస కారణంగా కోర్టు రక్షణ ఉత్తర్వు అమల్లో ఉన్నవారు, ఏడాదికి మించి జైలుశిక్ష పడదగిన నేరంలో దోషులుగా తేలినవారు, మాదకద్రవ్యాలు వాడేవారు తుపాకీ ఉంచుకోకూడదు. గంజాయి దుకాణాలు బహిరంగంగా నడిచే కొలరాడో, కాలిఫోర్నియాల్లో ఉన్నవారు కూడా తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 నంబరు ఫారంలో మాదకద్రవ్యాల ప్రశ్నకు నిజమే రాయాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ దృష్టిలో గంజాయి ఇంకా నిషిద్ధ పదార్థమేనని ఆ ఫారమే హెచ్చరిస్తుంది. తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించే వీలు ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది.

ఒకే ఇంట్లో భర్తకు పౌరసత్వం, భార్యకు హెచ్-4 ఉన్న కుటుంబాలు మరో జాగ్రత్త తీసుకోవాలి. తుపాకీ భర్త పేరు మీదే ఉన్నా, దాన్ని ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల స్థితిలో భార్య ఉంటే, ఆమె కూడా కలిగి ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. సేఫ్ తాళం గానీ దాని అంకెలు గానీ అర్హత ఉన్న వ్యక్తి దగ్గర మాత్రమే ఉండాలి. ఆరు నెలలకు బీ-2 మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇల్లు అప్పజెప్పి ఊరెళ్ళేటప్పుడూ ఇదే నియమం.

మీ రాష్ట్రం ఏ కోవలోది

కనిపించకుండా తుపాకీ వెంట ఉంచుకొని బయట తిరగడాన్ని అక్కడ కన్సీల్డ్ క్యారీ అంటారు. దీని విషయంలో 2022 జూన్ 23కు ముందు ఉన్న పటం వేరు, తర్వాతి పటం వేరు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కలెక్టరు గానీ పోలీసు కమిషనరు గానీ దరఖాస్తుదారు అవసరాన్ని విచారించి, నమ్మకం కుదిరితేనే లైసెన్సు ఇస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయి రాష్ట్రాల్లోనూ 2022 దాకా ఇంచుమించు ఇదే పద్ధతి నడిచింది. మామూలు భయం సరిపోదు, అందరికీ లేని ప్రత్యేక ప్రమాదం మీకుందని చూపించాలని న్యూయార్క్ పట్టుబట్టేది. 1911లో వచ్చిన సలివన్ చట్టం దానికి మూలం. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టులోని ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీ ఈ షరతును కొట్టివేసింది. ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు ఆయుధం ధరించే హక్కు రెండో సవరణలో ఉందని, హక్కును వాడుకోవడానికి ప్రత్యేక అవసరం రుజువు చేయమనడం కుదరదని జస్టిస్ క్లారెన్స్ థామస్ రాశారు.

దాని ఫలితంగా ఇప్పుడు ప్రధానంగా రెండు కోవలు మిగిలాయి. మొదటి కోవలో పర్మిట్ తప్పనిసరి, అర్హతలు ఉంటే అధికారి ఇచ్చి తీరాలి. రెండో కోవలో అర్హత ఉన్న వయోజనుడికి పర్మిట్టే అక్కర్లేదు. 2024లో దక్షిణ కరోలినా, లూసియానా చేరడంతో ఇటువంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే వాటిలో టెక్సస్ 2021 సెప్టెంబరు 1న, జార్జియా, ఒహాయో 2022లో, ఫ్లోరిడా 2023 జూలై 1న ఈ కోవలోకి వచ్చాయి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్, వర్జీనియా, నార్త్ కరోలినా మొదటి కోవలో ఉన్నాయి. మొదటి కోవలోని రాష్ట్రాలన్నీ ఒకటే అనుకోవడం మాత్రం పొరపాటు. బ్రూయెన్ తీర్పు వచ్చిన పది రోజుల్లోపే న్యూయార్క్ కొత్త చట్టం తెచ్చి, తరగతిలో 16 గంటలు, రేంజ్‌లో 2 గంటలు శిక్షణ ఉండాలని, టైమ్స్ స్క్వేర్ వంటి చోట్ల పర్మిట్ ఉన్నా తుపాకీ తేకూడదని పెట్టింది. ఇవ్వాల్సిందేనని కోర్టు చెబితే ఇస్తాం గానీ, ఎక్కడికి తీసుకెళ్ళాలో మేం చెబుతాం అన్నది ఆ రాష్ట్రం ఎత్తుగడ.

పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో ఉన్నవారు కూడా చాలామంది పర్మిట్ తీసుకుంటారు. దీనికి కారణం తెలిస్తే ఈ చట్టాల అల్లిక సగం అర్థమైనట్టే. బడి ఆవరణకు 1,000 అడుగుల లోపు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నేరంగా చూస్తుంది. ఆ బడి ఉన్న రాష్ట్రం పరిశీలించి ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది. టెక్సస్ సబర్బుల్లో కిరాణాకు వెళ్ళి వచ్చేలోపు రెండు మూడు బడుల ముందునుంచి పోక తప్పదు. పర్మిట్ లేకుండా, నడుముకు తూటాలు నింపిన పిస్టల్‌తో కారు నడిపే వ్యక్తి రాష్ట్ర చట్టానికి లోబడే ఉంటాడు, ఫెడరల్ చట్టాన్ని మాత్రం దారి పొడవునా ఉల్లంఘిస్తూ పోతాడు. ఈ కారణంతో రోజూ ఎవరినీ పట్టుకోకపోవచ్చు. మరేదైనా కేసులో ఇరుక్కున్నప్పుడు ఈ సెక్షన్ కూడా వచ్చి చేరుతుంది.

సరిహద్దు దాటే ముందు

డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది కాబట్టి తుపాకీ పర్మిట్ కూడా చెల్లుతుందని అనుకోవడం సహజం. అలా చెల్లదు. ప్రతి రాష్ట్రమూ తాను గుర్తించే రాష్ట్రాల జాబితాను తానే నిర్ణయించుకుంటుంది, ఆ జాబితా మారుతూ ఉంటుంది. ఫిలడెల్ఫియా నుంచి డెలావేర్ నది మీది వంతెన దాటితే కొద్ది నిమిషాల్లో న్యూజెర్సీ వస్తుంది. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లి అలాగే వంతెన దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు, నిజం చెప్పడమే మంచిదని, తన దగ్గర పిస్టల్, పర్మిట్ రెండూ ఉన్నాయని తనంతట తానే చెప్పింది. అక్కడికక్కడే అరెస్టయింది. అంతకుముందు ఏ నేరచరిత్రా లేకపోయినా, న్యూజెర్సీ చట్టం ప్రకారం తప్పనిసరి జైలుశిక్ష పడే పరిస్థితి ఎదురైంది. పెద్ద చర్చ నడిచాక శిక్ష తప్పింది, 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు. ప్రతి ఒక్కరి కేసూ గవర్నర్ దాకా వెళ్ళదు.

ఒక రాష్ట్రం గుండా మరో రాష్ట్రానికి వెళ్ళేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయలుదేరిన చోటా, చేరే చోటా మీరు ఆ తుపాకీని చట్టబద్ధంగా ఉంచుకోగలిగి ఉండాలి. దారిలో తూటాలు తీసేసి, తుపాకీని, తూటాలను చేతికి అందని చోట ఉంచాలి. కారుకు విడిగా డిక్కీ లేకపోతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్సు, సీట్ల మధ్యనున్న కన్సోల్ దీనికి పనికిరావు. ఈ రక్షణ ప్రయాణానికే గానీ మజిలీకి కాదు. దారిలో ఎడిసన్‌లో బంధువుల ఇంట్లో రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులకూ న్యూజెర్సీ చట్టమే వర్తిస్తుందని అనుకొని నడుచుకోవడం క్షేమం.

ఒక రాష్ట్రం పర్మిట్‌ను దేశమంతా గుర్తించాలన్న బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో 231-198 ఓట్లతో గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. 2025లో మళ్ళీ ప్రవేశపెట్టారు. బిల్లు పెట్టిన వార్త చదివి, అదే చట్టమైపోయిందని ఫార్వర్డ్ చేసేవారిని నమ్మకండి.

విమానానికి వెళ్ళేటప్పుడు తుపాకీ తూటాలు లేకుండా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానులోనే, కౌంటర్ దగ్గర ముందుగా చెప్పి ఇవ్వాలి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో చేతిసంచుల్లో 6,737 తుపాకులు దొరికాయి, వాటిలో అత్యధికం తూటాలు నింపినవే. చాలామంది మర్చిపోయామనే చెప్పారు. హైదరాబాద్‌కు వచ్చేవారికి ఇంకొక చిక్కుంది. రేంజ్‌కు తీసుకెళ్ళిన సంచిలోనే బట్టలు సర్దుకొని వచ్చి, అడుగున మిగిలిపోయిన ఒక్క తూటాతో మన విమానాశ్రయంలో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. తెలిసి తేలేదని తేలితే కోర్టులు కొట్టివేసిన సందర్భాలున్నా, అప్పటిదాకా తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. రేంజ్‌కు వాడిన సంచిని ప్రయాణానికి వాడకపోవడం ఒక్కటే దీనికి మార్గం.

తలుపు మీది బోర్డు

ఫెడరల్ భవనాలు, కోర్టులు, విమానాశ్రయాల్లో తనిఖీ దాటిన భాగం వంటి చోట్ల నిషేధం దాదాపు అంతటా ఉంటుంది. పోస్టాఫీసుల్లో, వాటి పార్కింగ్ స్థలాల్లో కూడా తుపాకీ ఉండకూడదన్న నిబంధన ఉంది, దాని మీద కోర్టుల్లో సవాళ్లు నడుస్తున్నాయి. ప్రైవేటు స్థలాల దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రానికో తీరు. కొన్ని రాష్ట్రాల్లో 'తుపాకులు వద్దు' అన్న బోర్డు యజమాని కోరిక మాత్రమే. పొమ్మన్నా పోకపోతేనే అతిక్రమణ నేరమవుతుంది. కొన్నింట్లో బోర్డు దాటి లోపలికి అడుగు పెట్టడమే నేరం.

టెక్సస్ దీన్ని ఎంత సూక్ష్మంగా రాసిందో చూడండి. పర్మిట్ ఉండి తుపాకీని కనబడకుండా తెచ్చేవారిని ఆపడానికి 30.06 బోర్డు, కనబడేలా తెచ్చేవారిని ఆపడానికి 30.07 బోర్డు, పర్మిట్ లేనివారిని ఆపడానికి 30.05 బోర్డు పెట్టాలి (ఈ అంకెలు రాష్ట్ర చట్టంలోని సెక్షన్లవి). 30.06, 30.07 బోర్డుల మీద చట్టంలో ఉన్న వాక్యాలు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తున్న అక్షరాలతో, వెనకనున్న రంగులో కలిసిపోకుండా, వచ్చేవారికి స్పష్టంగా కనిపించే చోట ఉండాలి. బార్లలో ఎర్రటి 51 శాతం అంకె ఉన్న బోర్డు కనిపిస్తే, ఆ స్థలం ఆదాయంలో సగానికి మించి అక్కడే తాగే మద్యం నుంచి వస్తుందని, లోపలికి తుపాకీ తేవడం నేరమని అర్థం.

ఇది మన గుడి కమిటీలకు నేరుగా సంబంధించిన విషయం. టెక్సస్‌లో ప్రార్థనా స్థలానికి ప్రత్యేకంగా నిషేధం లేదు, నోటీసు ఇస్తేనే నిషేధం. గుడి గుమ్మం ముందు, చెప్పులు విడిచే చోట 'దయచేసి ఆయుధాలతో రావద్దు' అని తెలుగులో ఎంత అందంగా రాసిపెట్టినా అది 30.06 బోర్డు కాదు. కమిటీ నిజంగా నిషేధించదలిస్తే చట్టం చెప్పిన కొలతల్లో, చట్టం చెప్పిన మాటలతో బోర్డులు పెట్టాలి. వద్దనుకుంటే, భక్తుల్లో ఎవరి నడుముకైనా తుపాకీ ఉండవచ్చునని అంగీకరించి భద్రతను ఆ ప్రకారం ఏర్పాటు చేసుకోవాలి. రెండూ గౌరవించదగిన నిర్ణయాలే. ఏదీ నిర్ణయించకుండా ఎవరికి తోచింది వారు అనుకోవడమే కూడదు.

పోలీసు కారు ఆపినప్పుడు తుపాకీ ఉందని ముందే చెప్పాలా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మిషిగన్‌లో అడగకపోయినా వెంటనే చెప్పాలి, టెక్సస్‌లో గుర్తింపు కార్డు అడిగితే దానితో పాటు పర్మిట్‌నూ చూపాలి, మరికొన్ని రాష్ట్రాల్లో అడిగితే చెబితే చాలు. చట్టం ఏదైనా, లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా ఉంచి, దేనికోసమైనా చెయ్యి కదిపే ముందు చెప్పి, అనుమతి వచ్చాకే కదపండి. 2016 జూలైలో మిన్నెసోటాలో పర్మిట్ ఉన్న ఒక నల్లజాతి వ్యక్తి తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పిన కొన్ని క్షణాలకే పోలీసు తూటాలకు బలయ్యాడు; కాల్చిన అధికారిని జ్యూరీ నిర్దోషిగా వదిలింది. పర్మిట్ అందరినీ ఒకేలా కాపాడుతుందన్న నమ్మకాన్ని ఆ ఘటన బాగా దెబ్బతీసింది, తుపాకీ హక్కుల వాదుల్లో కూడా దాని మీద భేదాభిప్రాయాలు వచ్చాయి.

పిల్లలు వెళ్ళే ఇళ్లు

వీసా కారణంగా మీ ఇంట్లో తుపాకీ లేకపోయినా మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళే ఇంట్లో ఉండవచ్చు. అమెరికాలో పది మందిలో నలుగురు వయోజనులు తుపాకీ ఉన్న ఇంట్లోనే ఉంటున్నారని ప్యూ సంస్థ 2023 సర్వే చెబుతోంది. 'మా వాడికి వేరుశనగ పడదు' అని చెప్పినంత మామూలుగా, 'మీ ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసే ఉంటుంది కదా' అని అడగడం నేర్చుకోవాలి. మొదట మొహమాటంగా ఉంటుంది, ఫోన్ సందేశంలో అడిగితే కొంత సులువు. తుపాకీ ఉన్నవారిలో బాధ్యత గలవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, సేఫ్ ఎక్కడుందో చెబుతారు. నొచ్చుకుంటే పిల్లల్ని మీ ఇంటికే పిలవండి.

తుపాకీ ఉన్నవారు తూటాలు తీసేసి, తుపాకీని ఒక చోట, తూటాలను మరో చోట తాళం వేసి ఉంచాలి. పిల్లలకు అందేలా వదిలేయడం టెక్సస్‌లో కూడా నేరమే, అక్కడ 17 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కిస్తారు. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన నిరాశలో ఉన్నారనిపిస్తే, ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నారనిపిస్తే, తుపాకీని కొన్నాళ్లు ఇల్లు దాటించడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. తుపాకీతో చేసుకునే ఆత్మహత్యా ప్రయత్నాల్లో పదింట దాదాపు తొమ్మిది ప్రాణం తీస్తాయి, రెండోసారి ఆలోచించుకునే అవకాశం ఇవ్వవు. 988 నంబరుకు ఫోన్ చేస్తే రోజంతా సహాయం అందుతుంది. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో, ప్రమాదకర స్థితిలో ఉన్న వ్యక్తి నుంచి తాత్కాలికంగా తుపాకీని తీసుకునే ఉత్తర్వు కోసం కోర్టుకు వెళ్ళవచ్చు. కొన్నింట్లో కుటుంబ సభ్యులే నేరుగా కోరవచ్చు, ఫ్లోరిడాలో పోలీసుల ద్వారానే కోరాలి.

వాదనను తూచే పద్ధతి

ఇంతవరకూ చూసుకున్నాక చర్చ వినండి. అప్పుడు అది వేరేగా వినిపిస్తుంది. ఎవరైనా ఒక అంకె చెబితే అది ఏ మరణాల గురించి అని మొదట అడగాలి. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల 46,728 మంది చనిపోయారు. వారిలో సుమారు 27,300 మందివి ఆత్మహత్యలు, 17,927 మందివి హత్యలు. వార్తల్లో నిండిపోయే సామూహిక కాల్పుల మృతులు ఈ మొత్తంలో చిన్న భాగం. ఆ సామూహిక కాల్పుల లెక్క కూడా నిర్వచనాన్ని బట్టి మారుతుంది: కాల్చినవాడు కాక నలుగురికి తూటా తగిలితే చాలని గన్ వయొలెన్స్ ఆర్కైవ్ లెక్కిస్తుంది, ముగ్గురు చనిపోతేనే సామూహిక హత్య అని 2013 నాటి ఫెడరల్ చట్టం అంటుంది. అందుకే ఒకే ఏడాదికి ఒకరు వందల్లో, మరొకరు పదుల్లో చెబుతారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

రెండో ప్రశ్న, ఏ చట్టం గురించి మాట్లాడుతున్నారన్నది. 1994 నుంచి 2004 దాకా ఉన్న అసాల్ట్ (సైనిక తరహా) ఆయుధాల నిషేధాన్ని తిరిగి తేవాలన్న వాదన శాండీ హుక్, యువాల్డీ బడుల్లో జరిగిన కాల్పుల వంటి ఘోరాలకు సమాధానంగా వస్తుంది. హత్యల్లో అత్యధికం మాత్రం చేతి పిస్టళ్లతో జరుగుతాయి కాబట్టి మొత్తం హత్యల సంఖ్య మీద దాని ప్రభావం పరిమితం. ఆత్మహత్యలను తగ్గించే చట్టం వేరు, పిల్లల చేతికి అందకుండా చేసే చట్టం వేరు. ఒక చట్టం ఒక సమస్యను పరిష్కరించలేదని చూపించి అది దేనికీ పనికిరాదనడం ఈ చర్చలో ఇరుపక్షాలూ వాడే పాత ఎత్తు.

కన్సీల్డ్ క్యారీ విషయంలో అసలు తగవు ఒక సాదా ప్రశ్న మీద ఉంది: సామాన్యుల దగ్గర తుపాకీ ఉందేమోనన్న భయం నేరస్థుణ్ని ఆపుతుందా, లేక వీధిలో తుపాకులు పెరిగినకొద్దీ చిన్న గొడవలు కూడా ప్రాణాల మీదికి వస్తాయా? మొదటిది నిజమని 1990ల చివర్లో ఆర్థికవేత్త జాన్ లాట్ గణాంకాలతో వాదించారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నిపుణుల బృందం ఆ లెక్కలు ఏ వైపూ తేల్చడానికి చాలవంది. 2019లో పరిశోధకుడు జాన్ డోనహ్యూ బృందం ఇంకా ఎక్కువ ఏళ్ల సమాచారంతో చూసి, తుపాకీ వెంట ఉంచుకోవడాన్ని సులభం చేసే చట్టాలు తెచ్చిన రాష్ట్రాల్లో పదేళ్లు గడిచేసరికి హింసాత్మక నేరాలు, చట్టం లేకుంటే ఉండేవాటి కన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని అంచనా వేసింది. ర్యాండ్ పరిశోధన సంస్థ సమీక్ష కూడా ఇప్పుడు ఆ వైపే మొగ్గుతోంది. నా దృష్టిలో సాక్ష్యం రెండో పక్షానికే బలంగా ఉంది. ఆత్మరక్షణ లెక్కలు మాత్రం ఇంకా గందరగోళమే: ఏడాదికి 25 లక్షల సార్లు తుపాకీతో తమను తాము కాపాడుకున్నారని 1990ల నాటి ఒక టెలిఫోన్ సర్వే చెబితే, ప్రభుత్వ బాధితుల సర్వే అంచనా 60-70 వేల దగ్గర ఉంటుంది. వీటిలో ఏదో ఒక్కటే చెప్పి ముగించే వక్త మాటను తగ్గించి తీసుకోండి.

అయితే సాక్ష్యం ఒక వైపు తేలినంత మాత్రాన చట్టం మారదు, ఎందుకంటే కోర్టు అడిగే ప్రశ్న వేరు. 1791లో ఆమోదించిన రెండో సవరణ పౌర సైన్యానికి సంబంధించినదా, వ్యక్తి హక్కా అన్న తగవును 2008లో హెల్లర్ కేసు 5-4తో వ్యక్తి హక్కు వైపు తేల్చింది. ఆ హక్కు హద్దులు లేనిది కాదని కూడా అందులోనే జస్టిస్ స్కాలియా రాశారు. 2010లో మెక్‌డొనాల్డ్ కేసు దాన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఒక ఆంక్ష ప్రాణాలు కాపాడుతుందా అని కాక, దేశ చరిత్రలో అటువంటి ఆంక్షల సంప్రదాయం ఉందా అని చూడాలని బ్రూయెన్ చెప్పింది. 2024 జూన్‌లో రహీమీ కేసు దీన్ని కొంత సడలించి, అచ్చంగా అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదని, సూత్రం కలిస్తే చాలని, గృహహింస ఉత్తర్వు ఉన్నవారి నుంచి తుపాకీ తీసుకోవడం చెల్లుతుందని 8-1తో తేల్చింది. మరణాల లెక్కలు కోర్టులో పెద్దగా పనిచేయకపోవడానికి, పాత శాసనాల వేటలో చరిత్రకారులకు గిరాకీ పెరగడానికి ఇదే కారణం. తీర్పు వార్త చదివేటప్పుడు ఏ షరతు కొట్టివేశారు, ఏది మిగిలింది అని విడదీసి చూడండి. న్యూయార్క్‌లో పర్మిట్ రద్దయిందని 2022లో వచ్చిన ఫార్వర్డులు అబద్ధం. ప్రత్యేక అవసరం అన్న షరతు ఒక్కటే పోయింది.

కొత్త చట్టం వార్తలో మూడు తేదీలు వెతకాలి: గవర్నర్ సంతకం చేసినది, అమల్లోకి వచ్చేది, కోర్టు ఏదైనా సెక్షన్‌ను ఆపి ఉంటే ఆ ఉత్తర్వుది. వాషింగ్టన్ రాష్ట్రంలో తుపాకీ కొనడానికే ముందస్తు పర్మిట్ కావాలన్న చట్టం మీద 2025 మేలో సంతకం జరిగింది, అమలు మాత్రం 2027 మే నుంచి. రాష్ట్ర పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ అధికారిక పేజీలో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోండి. దుకాణదారు మాట, రేంజ్‌లోని శిక్షకుడి మాట సదుద్దేశంతో చెప్పినా వీసాల సంగతి వారికి తెలియకపోవచ్చు. లాయరును అడగవలసి వస్తే తుపాకీ కేసుల లాయరు ఒక్కరితో సరిపెట్టుకోక, ఇమ్మిగ్రేషన్ లాయరుకూ అదే ప్రశ్న పంపండి. ఇంట్లో ఒక్కొక్కరి వీసా రకం, తుపాకీ ఎవరి పేరు మీద ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏయే రాష్ట్రాల గుండా ప్రయాణిస్తారు అన్నవి ఆ ప్రశ్నలోనే రాస్తే మొదటి సమాధానమే పనికొచ్చేదిగా వస్తుంది.